ఉప్పల్ మైదానం.. పల్లె ఆటగాడికి ఎంత దూరం?

మేడిపల్లి: వరి కోతలు ముగిసి పొలాలు ఖాళీ అయ్యే నాటికి మండలంలోని గ్రామాలలో క్రికెట్ సందడి మొదలవుతుంది. పాఠశాలల ఆవరణలు, నీరు తగ్గిన చెరువు శిఖం భూములు, కొయ్యకాళ్లు తొలగించిన మళ్లు మైదానాలుగా మారతాయి. వికెట్ల స్థానంలో కర్రలు పాతుకొని, టెన్నిస్ బంతితో పొద్దుగూకే వరకు ఆడే యువకులకు అంతర్జాతీయ మైదానం అనగానే గుర్తుకు వచ్చేది ఉప్పల్. హైదరాబాద్ తూర్పు శివారులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం టీవీ తెరపై అందరికీ పరిచయమే. అయితే ఆ మైదానంతో జగిత్యాల జిల్లాకు ఉన్న సంబంధం అభిమానంతో ముగిసేది కాదు. ఇక్కడి ఆటగాడు రంజీ స్థాయికి ఎదగాలన్నా, రాష్ట్ర జట్టులో స్థానం సంపాదించాలన్నా ఆ మైదానాన్ని నడిపే సంఘం గడప తొక్కవలసిందే. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ఆ దూరం వెనుక తొమ్మిది దశాబ్దాల చరిత్ర ఉంది.

ఒకే రాష్ట్రం, రెండు సంఘాలు

హైదరాబాద్ క్రికెట్ సంఘం 1934లో, నిజాం పాలన కాలంలో ఏర్పడింది. కోస్తా, రాయలసీమ జిల్లాల కోసం 1953లో ఆంధ్ర క్రికెట్ సంఘం వచ్చింది. 1956లో రెండు ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్‌గా అవతరించినా క్రికెట్‌లో మాత్రం ఏకీకరణ జరగలేదు. 58 ఏళ్ల పాటు ఒకే రాష్ట్రం నుంచి రెండు జట్లు రంజీ ట్రోఫీలో తలపడ్డాయి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా అప్పుడూ ఇప్పుడూ హైదరాబాద్ సంఘం పరిధిలోనిదే. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా రంజీ జట్టు పేరు హైదరాబాద్‌గానే కొనసాగుతోంది. ఆ జట్టు 1937-38లోనూ, 1986-87లోనూ రంజీ విజేతగా నిలిచింది.

సంఘం నిర్మాణంలోనే నగరం పాలు ఎక్కువ. సభ్యత్వంలో అత్యధికం జంట నగరాల క్లబ్బులదే. లీగ్ పోటీలు ఆ క్లబ్బుల మధ్యనే జరుగుతాయి. లీగ్‌లో పరుగులు తీసినవారు, వికెట్లు పడగొట్టినవారు సెలెక్టర్ల కంటపడతారు. జిల్లాలకు ప్రాతినిధ్యం ఉన్నప్పటికీ అది క్లబ్బుల సంఖ్య ముందు తేలిపోతుంది. సంఘంలోని వివాదాల కారణంగా 2023లో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించవలసి వచ్చింది. ఆ సమయంలోనే 57 క్లబ్బులపై వేటు పడింది. ఆ గొడవలలో జిల్లాల మైదానాల మాట పెద్దగా వినిపించలేదు.

ఫతే మైదాన్ నుంచి మొదలు

ఉప్పల్ కథ చెప్పుకోవాలంటే ముందుగా బషీర్‌బాగ్ వెళ్లాలి. 1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించినప్పుడు గుడారాలు వేసుకొన్న చోటు ఇదేనని, విజయం అనంతరం దీనికి ఫతే మైదాన్ అనే పేరు స్థిరపడిందని చెబుతారు. అసఫ్‌జాహీల కాలంలో ఇది పోలో ఆడే స్థలం. క్రికెట్ మాత్రం ఎక్కువగా సికింద్రాబాద్ జింఖానా మైదానంలో సాగేది. 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలతో హైదరాబాద్ పేరు దేశమంతటా మార్మోగింది.

ఫతే మైదాన్‌లో తొలి టెస్టు 1955 నవంబరు 19న ప్రారంభమైంది. భారత్, న్యూజిలాండ్ మధ్య జరిగిన మొట్టమొదటి టెస్టు కూడా అదే. భారత సారథి హైదరాబాదీ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు సాధించి, టెస్టులలో ద్విశతకం చేసిన తొలి భారతీయుడయ్యాడు. సుభాష్ గుప్తే తొలి ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీసినా ఆట డ్రాగా ముగిసింది.

మైదానానికి సదుపాయాలు ఎంత ముఖ్యమో చెప్పడానికి 1969 టెస్టును మించిన ఉదాహరణ లేదు. సిరీస్ 1-1గా ఉన్న దశలో చివరి పోరు ఇక్కడ జరిగింది. భారత్ తొలి ఇన్నింగ్స్‌లో 89 పరుగులకే కుప్పకూలింది. 268 పరుగుల లక్ష్యంతో రెండో ఇన్నింగ్స్ ఆడుతూ 76 పరుగులకు ఏడు వికెట్లు పోగొట్టుకొని ఓటమి అంచున ఉండగా వాన పడింది. తడిసిన మైదానాన్ని ఆరబెట్టే పని మందకొడిగా సాగడంతో ఆట తిరిగి మొదలు కాలేదు. న్యూజిలాండ్ ఆటగాళ్లు ఆగ్రహించినా ప్రయోజనం లేకపోయింది. చేతికందిన సిరీస్ జారిపోయిన ఆ జట్టు భారత గడ్డపై తొలి సిరీస్ గెలవడానికి 2024 వరకు, అంటే 55 ఏళ్లు వేచి ఉండవలసి వచ్చింది. భారత అభిమానులకు ఆనాటి వాన వరమే కావచ్చు. నీరు పోయే దారి లేని మైదానం ఫలితాన్నే మార్చివేయగలదన్నది మాత్రం వాస్తవం.

ఫతే మైదాన్‌కు 1967లో మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఇక్కడ జరిగిన టెస్టులు మూడే. మూడూ న్యూజిలాండ్‌తోనే కావడం విశేషం. 1988 డిసెంబరులో జరిగిన మూడో టెస్టులో భారత్ పది వికెట్ల తేడాతో గెలిచింది. స్థానిక ఆటగాళ్లు అజహరుద్దీన్, అర్షద్ అయూబ్ ఆ జట్టులో ఉన్నారు. ఆ తరువాత 22 ఏళ్ల పాటు హైదరాబాద్ టెస్టుకు నోచుకోలేదు. భారత జట్టుకు సుదీర్ఘ కాలం సారథ్యం వహించిన అజహరుద్దీన్ సొంత ఊరిలో ఆడిన టెస్టు ఆ ఒక్కటే.

వన్డేలు మాత్రం అడపాదడపా వచ్చాయి. 1987 మార్చిలో పాకిస్థాన్‌తో జరిగిన పోరులో రెండు జట్లూ 212 పరుగులే చేయగా, తక్కువ వికెట్లు కోల్పోయినందున భారత్‌ను విజేతగా ప్రకటించారు. అదే ఏడాది ప్రపంచ కప్‌లో జింబాబ్వే ఆటగాడు డేవ్ హౌటన్ 142 పరుగులతో న్యూజిలాండ్‌ను వణికించినా మూడు పరుగుల తేడాతో ఓటమి తప్పలేదు. 1999 నవంబరు 8న సచిన్ టెండూల్కర్ అజేయంగా 186, రాహుల్ ద్రావిడ్ 153 పరుగులు చేసి రెండో వికెట్‌కు 331 పరుగులు జోడించారు. ఆ రోజు ఊళ్లలో టీవీలున్న ఇళ్ల ముందు గుమిగూడిన వారు ఇప్పటికీ ఆ ఆటను తలచుకొంటారు. 2003 నవంబరు 15న న్యూజిలాండ్‌తో ఇక్కడ చివరి అంతర్జాతీయ వన్డే జరిగింది. సెహ్వాగ్, టెండూల్కర్ శతకాలు సాధించారు.

లాల్ బహదూర్ స్టేడియం ప్రభుత్వ ఆధీనంలోనిది. అన్ని క్రీడలకూ, సభలకూ అదే వేదిక. 1983లో ఎన్టీ రామారావు, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణ స్వీకారం చేసింది అక్కడే. బహిరంగ సభకు వేలాది మంది తొక్కిన పచ్చికపై అంతర్జాతీయ క్రికెట్ నిర్వహించడం ఎంత కష్టమో వేరుగా చెప్పనవసరం లేదు. సంఘానికి సొంత మైదానం కావాలన్న కోరిక అక్కడి నుంచే పుట్టింది.

పేరు మారిన మైదానం

ప్రభుత్వం ఉప్పల్‌లో కేటాయించిన స్థలంలో కొత్త స్టేడియం నిర్మాణం చేపట్టారు. నామకరణ హక్కులను విశాక ఇండస్ట్రీస్ దక్కించుకోవడంతో తొలుత దీనిని విశాక అంతర్జాతీయ స్టేడియంగా పిలిచారు. ప్రభుత్వం మారిన తరువాత రాజీవ్ గాంధీ పేరు ఖరారైంది. నామకరణ ఒప్పందంపై రేగిన వివాదం న్యాయస్థానాల వరకు వెళ్లింది. స్టాండ్ల పేర్లూ తగాదాలకు అతీతం కాలేదు. ఉత్తరం వైపు స్టాండ్‌కు అజహరుద్దీన్ పేరు ఉండాలా, వద్దా అన్న అంశం 2025లో హైకోర్టుకు చేరింది.

2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో జరిగిన వన్డేతో ఉప్పల్ అంతర్జాతీయ పటంపైకి వచ్చింది. యువరాజ్ సింగ్ శతకం చేసినా భారత్ ఓడింది. ఆరంభ కాలంలో ఈ మైదానం భారత్‌కు అచ్చిరాలేదన్న మాట బలంగా ఉండేది. 2009 నవంబరు 5న ఆస్ట్రేలియా నిర్దేశించిన 351 పరుగుల లక్ష్యాన్ని ఛేదించే క్రమంలో టెండూల్కర్ ఒంటరి పోరాటం చేసి 175 పరుగులు సాధించాడు. వన్డేలలో 17 వేల పరుగుల మైలురాయిని దాటింది ఆ రోజే. అయినా జట్టు మూడు పరుగుల దూరంలో ఆగిపోయింది.

తొలి టెస్టు 2010 నవంబరు 12న మొదలైంది. ప్రత్యర్థి మళ్లీ న్యూజిలాండే. బ్రెండన్ మెకల్లమ్ 225 పరుగులు, హర్భజన్ సింగ్ అజేయ శతకంతో ఆట డ్రా అయింది. నగరానికి చెందిన వీవీఎస్ లక్ష్మణ్ ఆ టెస్టులో 74 పరుగులు చేశాడు. సొంత ప్రేక్షకుల ముందు అతడు ఆడిన టెస్టు అదొక్కటే. 2012 ఆగస్టులో న్యూజిలాండ్ టెస్టుకు అతడిని ఎంపిక చేసినా, ఆరంభానికి అయిదు రోజుల ముందు, ఆగస్టు 18న లక్ష్మణ్ వీడ్కోలు ప్రకటించాడు. అభిమానులకు అది తీరని వెలితి.

ఆ 2012 టెస్టులో అశ్విన్ 12 వికెట్లు తీశాడు. పుజారా 159 పరుగులు చేశాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాపై పుజారాయే 204 పరుగులు సాధించాడు. 2017లో బంగ్లాదేశ్‌పై విరాట్ కోహ్లి కూడా సరిగ్గా 204 పరుగులే చేశాడు. 2018లో వెస్టిండీస్‌పై ఉమేశ్ యాదవ్ పది వికెట్లు పడగొట్టాడు. నగరంలో భారత్ టెస్టు ఓడదన్న నమ్మకం 2024 జనవరి 28న సడలింది. తొలి ఇన్నింగ్స్‌లో 190 పరుగుల ఆధిక్యం పొందిన భారత్, ఓలీ పోప్ 196 పరుగుల పోరాటంతో, అరంగేట్ర స్పిన్నర్ టామ్ హార్ట్‌లీ ఏడు వికెట్లతో 28 పరుగుల తేడాతో ఇంగ్లండ్ చేతిలో పరాజయం పాలైంది.

వన్డేలు, టీ20లలో ఇది పరుగుల గనిగా పేరు తెచ్చుకొంది. 2023 జనవరి 18న శుభ్‌మన్ గిల్ ఇక్కడ 208 పరుగులు సాధించాడు. అదే ఏడాది ప్రపంచ కప్‌లో మూడు పోటీలు జరిగాయి. శ్రీలంకపై పాకిస్థాన్ 345 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి ప్రపంచ కప్ రికార్డు నెలకొల్పింది. భారత్ ఆడే పోటీ ఒక్కటీ కేటాయించకపోవడం మాత్రం అభిమానులను నొప్పించింది. 2024 అక్టోబరులో బంగ్లాదేశ్‌పై టీ20లో భారత్ 297 పరుగులు చేసింది. 2008 నుంచి దక్కన్ చార్జర్స్, 2013 నుంచి సన్‌రైజర్స్ జట్లకు ఇది సొంత వేదికగా నిలిచింది. 2017, 2019 ఐపీఎల్ తుది పోరులు ఇక్కడే జరగగా, రెండింటిలోనూ ముంబయి ఒక్క పరుగు తేడాతో గెలవడం అరుదైన సంగతి.

పచ్చిక కింద ఏముంది?

స్టేడియంలో సుమారు 39 వేల మంది కూర్చోవచ్చు. 2023 ప్రపంచ కప్‌కు ముందు పాత కుర్చీలను తొలగించి కొత్తవి అమర్చారు. ఎండలో మాడిపోయే స్టాండ్లపై పైకప్పు పనులు చేపట్టారు. ఫ్లడ్‌లైట్లు, ఆటగాళ్ల గదులు, వ్యాయామశాల, ప్రాక్టీసు నెట్స్, విలేకరుల గ్యాలరీ వంటివి ఏ అంతర్జాతీయ మైదానానికైనా తప్పనిసరి. అసలు విలువ మాత్రం మధ్యనున్న ఇరవై రెండు గజాల నేలది.

పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. వెడల్పు 10 అడుగులు. పిచ్ మధ్య నుంచి బౌండరీ 65 గజాలకు తగ్గకూడదు, 90 గజాలకు మించకూడదు. కొలతలు ఎవరైనా గీయవచ్చు. టర్ఫ్ వికెట్ తయారీయే కష్టం. అడుగున రాయి, ఇసుక పొరలు పరచి, పైన జిగురు గల మట్టిని పొరలు పొరలుగా వేసి అణచాలి. గడ్డి వేళ్లు ఆ మట్టిని పట్టి ఉంచుతాయి. నీరు పెట్టడం, ఆరనివ్వడం, రోలర్ తిప్పడం, గడ్డి కత్తిరించడం వంటి పనులన్నీ లెక్క ప్రకారం సాగాలి. తేమ ఎక్కువైతే బంతి ఆగి వస్తుంది. బాగా ఎండితే పగుళ్లు పడి స్పిన్నర్లకు పండుగ అవుతుంది. నల్లమట్టి తేమను పట్టి ఉంచుతుంది, దానిపై బంతి నెమ్మదిగా, తక్కువ ఎత్తులో వస్తుంది. ఎర్రమట్టిపై ఎక్కువగా లేస్తుంది. నల్లరేగడికీ, ఎర్ర చెలకకూ తేడా తెలిసిన రైతుబిడ్డకు ఇది కొత్త పాఠమేమీ కాదు.

మిగతా మైదానం కింద ఇసుక పొర, దాని అడుగున నీరు పోయే గొట్టాలు ఉండాలి. ఆధునిక మైదానాలు వాన వెలిసిన కొద్దిసేపటికే ఆటకు సిద్ధమయ్యేది ఈ ఏర్పాటు వల్లనే. అయినా ప్రకృతి ముందు కొన్నిసార్లు తలవంచక తప్పదు. 2024 మే 16న గుజరాత్‌తో, 2025 మే 5న ఢిల్లీతో సన్‌రైజర్స్ ఆడవలసిన పోటీలను వాన తుడిచిపెట్టింది. 2024 ఐపీఎల్‌లో ఉత్తమ పిచ్, మైదానం పురస్కారం కింద హైదరాబాద్ సంఘానికి రూ.50 లక్షలు లభించాయి. దీనికి తోడు అన్ని ప్రధాన వేదికల మైదాన సిబ్బందికి వేదికకు రూ.25 లక్షల చొప్పున భారత క్రికెట్ బోర్డు ప్రకటించింది. ఎండనక వాననక పచ్చికపై పట్టాలు లాగే కార్మికుల శ్రమకు ఆలస్యంగానైనా గుర్తింపు దక్కిందనాలి.

బంతిలోనే ఉంది తేడా

టెన్నిస్ బంతి బరువు సుమారు 58 గ్రాములు. క్రికెట్ తోలు బంతి 156 నుంచి 163 గ్రాములు తూగుతుంది. అంటే దాదాపు మూడు రెట్లు. గట్టి నేలపై టెన్నిస్ బంతి ఎత్తుగా లేచి వస్తుంది, అడ్డంగా కొడితే చాలు బౌండరీ దాటుతుంది. తోలు బంతి టర్ఫ్‌పై కుట్టు మీద పడి పక్కకు తిరుగుతుంది, గాలిలో వంగుతుంది. దానిని ఎదుర్కోవాలంటే పాదాల కదలిక వేరుగా ఉండాలి. గ్రామంలో ఓవర్‌కు రెండు సిక్సర్లు కొట్టే యువకుడు నగరంలో ఎంపిక పోటీలకు వెళ్లి తొలి అయిదు బంతులకే వెనుదిరగడానికి కారణం ప్రతిభ లోపం కాదు. ఆ నేలపై అతడు అంతకుముందు ఎన్నడూ నిలబడకపోవడమే.

పొరుగు రాష్ట్రంలో పరిస్థితి కొంత భిన్నం. ఆంధ్ర సంఘం విశాఖపట్నంలో అంతర్జాతీయ స్టేడియం నడుపుతూనే విజయనగరం, ఒంగోలు, కడప వంటి చోట్ల రంజీ పోటీలు నిర్వహించింది. అనంతపురంలోని గ్రామీణాభివృద్ధి ట్రస్టు మైదానం 2024లో దులీప్ ట్రోఫీకి ఆతిథ్యమిచ్చింది. జిల్లా కేంద్రానికి రంజీ పోటీ వస్తే టర్ఫ్ వికెట్ వస్తుంది, దానిని చూసుకొనే సిబ్బంది మిగులుతారు, పిల్లలకు ఆ నేల అలవాటవుతుంది. హైదరాబాద్ జట్టు సొంత పోటీలు చాలాకాలంగా నగరం చుట్టూనే తిరుగుతున్నాయి.

ప్రతిభను నిలబెట్టుకోవడానికి ఇల్లు వదలవలసి రావడం ఎలా ఉంటుందో గొంగడి త్రిష ప్రస్థానం చెబుతుంది. భద్రాచలానికి చెందిన ఆమె కోసం కుటుంబం సికింద్రాబాద్‌కు తరలివచ్చింది. 2023, 2025 సంవత్సరాలలో అండర్-19 మహిళల ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టులో త్రిష సభ్యురాలు. 2025 జనవరి 28న స్కాట్లాండ్‌పై అజేయంగా 110 పరుగులు చేసి ఆ టోర్నీ చరిత్రలో తొలి శతకం నమోదు చేసింది. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. ఊరు విడిచి వెళ్లే స్థోమత ఎన్ని కుటుంబాలకు ఉంటుంది? కౌలుకు దున్నుకొనే ఇంట్లోనో, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో గడిచే ఇంట్లోనో పుట్టిన పిల్లవాడికి అది అందని మాటే.

అంతర్జాతీయ స్థాయి టర్ఫ్‌ను మండలానికి ఒకటి చొప్పున ఏర్పాటు చేయడం సాధ్యం కాదు. నీరు, రోలర్, ఏడాది పొడవునా కనిపెట్టుకొని ఉండే మనిషి లేకుంటే అది రెండు వానలకే బురద గుంట అవుతుంది. దానికి బదులు సిమెంటు పట్టీపై మ్యాటింగ్ పరచిన వికెట్, చుట్టూ వల కట్టిన ఒక నెట్ ఉంటే తోలు బంతితో సాధనకు సరిపోతుంది. టర్ఫ్ విస్తరించక ముందు దేశంలో పెద్ద పోటీలు సైతం మ్యాటింగ్‌పైనే జరిగాయి. ఉన్నత పాఠశాల మైదానంలో ఇందుకు పట్టే స్థలం అతి తక్కువ. జిల్లా కేంద్రంలో ఒక్క టర్ఫ్ వికెట్, మండలాలలో మ్యాటింగ్ నెట్స్ ఉంటే ఎంపిక పోటీలకు వెళ్లేవారు కనీసం బంతిని చూసి బెదరరు.

ఆట చూడటానికి వెళ్లేవారికి

జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి వెళ్లే బస్సులు సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌కు చేరుతాయి. పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. పరేడ్ గ్రౌండ్ వద్ద నాగోల్ వైపు వెళ్లే రైలు ఎక్కితే తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ దాటిన తరువాత వచ్చేది స్టేడియం స్టేషన్. 2017 నవంబరులో ఈ మార్గం ప్రారంభమైనప్పటి నుంచి జిల్లా అభిమానులకు ఆటోల బేరం తప్పింది. రాత్రి పోటీల రోజున మెట్రో వేళలు పొడిగించిన సందర్భాలు ఉన్నా, ముందుగా విచారించుకోవడం మేలు. 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియా పోటీ టికెట్ల కోసం జింఖానా మైదానంలో జరిగిన తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు. టికెట్ల కోసం అక్కడి వరుసల్లో నిలబడాలని రాత్రి బస్సు ఎక్కే ముందు, అమ్మకం ఎక్కడ, ఏ విధంగా జరుగుతుందో తెలుసుకొని బయలుదేరాలి. ఆట ముగిసేసరికి అర్ధరాత్రి సమీపిస్తుంది కనుక పిల్లలతో వెళ్లేవారు తెల్లవారుజామున బయలుదేరే బస్సు వివరాలు, అంతవరకు తలదాచుకొనే చోటు ముందే చూసుకోవాలి.